శిక్షణ ముగిసిన తర్వాతి ముప్పై రోజులు: అనంతపురం నుంచి ఒక నాయకత్వ శిక్షకురాలి కేసు

అనంతపురం జిల్లాలో మహిళా సంఘాల నాయకులకు, పంచాయతీ వార్డు సభ్యులకు శిక్షణ ఇచ్చే ఒక శిక్షకురాలి వృత్తి ప్రయాణం ఇది. కొన్నేళ్లుగా ఆమెకు నేను మార్గదర్శిగా ఉన్నాను. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. పేరు, ఊరు, సంఘం వివరాలు ఇవ్వడం లేదు. కళ్యాణదుర్గం వైపు పల్లె అని మాత్రం చెబుతాను. ఇదే వృత్తిలో ఉన్నవారికి ఈ కేసు పనికొస్తుందని నా నమ్మకం, ఎందుకంటే ఇందులోని చిక్కు మనందరిదీ. నాయకత్వ శిక్షణకు అసలు ఫలితం కనిపించేది శిక్షణ అయిపోయాక. ఆ సమయానికి శిక్షకులు ఆ ఊళ్లో ఉండరు. ఉండటానికి ఎవరూ డబ్బు ఇవ్వరు.

మస్టర్ల దగ్గర మొదలు

2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. ఆ పథకం వెంటే జిల్లాకు సామాజిక తనిఖీ వచ్చింది. పనికి వెళ్లినవారి పేర్లు, రోజులు, కూలి రాసిన మస్టర్లను ఇంటింటికీ తీసుకెళ్లి సరిచూస్తారు. తేలినదాన్ని ఊరందరి ముందు చదివి వినిపిస్తారు. అప్పటికి ఆమె పదో తరగతి పాసై, పెళ్లై, అత్తవారి వేరుశనగ చేనులో కలుపు తీస్తోంది. వాళ్ల వీధిలో తడుముకోకుండా చదవగలిగిన కోడలు ఆమె ఒక్కతే కాబట్టి ఆ పనికి తీసుకున్నారు.

ఒక ఇంటి అరుగు మీద జరిగిన సంగతి ఆమె ఇప్పటికీ శిక్షణల్లో చెబుతుంది. "నీ పేరు మీద పన్నెండు రోజులు రాశారు పెద్దమ్మా, నువ్వు వెళ్లింది ఎన్ని రోజులు?" అని అడిగితే ఆ ముసలమ్మ, "ఆ నెలంతా నేను బెంగళూరులో నా కూతురి దగ్గర ఉన్నాను కదమ్మా" అంది. ఆ మాట ప్రజావేదికలో ఈమె చదివింది. ఎప్పుడూ ఎదురు లేకుండా మాట్లాడే పెద్దమనిషి ఒకరు ఆ కాగితం ముందు జవాబు వెతుక్కోవాల్సి వచ్చింది. నాయకత్వమంటే మైకు పట్టుకుని ఉపన్యసించడమని అప్పటిదాకా అనుకున్నానని, ఆ రోజు ఆ అభిప్రాయం మారిపోయిందని ఆమె నాతో చెప్పింది. తర్వాత ఆమె తయారుచేసుకున్న శిక్షణ పద్ధతికి వేరు అక్కడే ఉందని నేను అనుకుంటాను. రాసి ఉన్నదాన్ని నలుగురి ముందు చదివించడం, విన్నవారి చేత ఒక ప్రశ్న అడిగించడం. అంతకంటే పెద్ద పరికరం ఆమె దగ్గర ఏదీ లేదు.

అక్కడి నుంచి పొదుపు సంఘం. ఈ విషయంలో మన జిల్లాకు చాలా ప్రాంతాల కంటే పాత అనుభవం ఉంది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం కింద 1990ల్లో మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో సంఘాలను సమాఖ్యలుగా కట్టే ప్రయత్నం జరిగింది. పేదరిక నిర్మూలనకు 2000లో మొదలైన వెలుగు ప్రాజెక్టు తొలి జిల్లాల్లోనూ అనంతపురం ఉంది. ఆమె మొదట సంఘానికి లెక్కలు రాసింది, తర్వాత లీడరైంది, గ్రామ సంఘానికి, ఆపైన మండల సమాఖ్యకు ఎదిగింది. పంచసూత్రాలు అందరికీ తెలిసినవే: క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. వీటిలో చివరిదాన్ని చాలామంది గుమాస్తా పనిగా చూస్తారు. ఈమె తన సంఘంలో ప్రతి సమావేశం మొదట్లో బ్యాంకు పాసుపుస్తకం ఒక్కో వారం ఒక్కో సభ్యురాలి చేత చదివించింది. చదువు రానివాళ్లు అంకెలు మాత్రమే చదివేవారు. పెద్ద మొత్తాల దగ్గర తడబడేవారు, పక్కవాళ్లు అందించేవారు. కొంతకాలానికి ఆ సంఘంలో లీడరు మారినా ఎవరూ కంగారు పడలేదు, ఎందుకంటే ఖాతాలో ఎంత ఉందో అందరికీ తెలుసు.

పదిహేను రోజులు ఒకే ఊళ్లో

2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ మొదలయ్యాక, మన రాష్ట్రంలోని అనుభవజ్ఞులైన సంఘ సభ్యులను సీఆర్పీలుగా (కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లుగా) బీహార్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ వంటి రాష్ట్రాలకు పంపారు. అక్కడి పల్లెల్లో కొత్త సంఘాలను కట్టడం వాళ్ల పని. చిన్న బృందంగా వెళ్లి, ఒక్కో ఊళ్లో పదిహేను రోజుల చొప్పున ఉండి, నెలన్నరలో మూడు ఊళ్లు పూర్తి చేస్తారు. కదిరి, హిందూపురం ప్రాంతాల్లో ఇంట్లో ఉర్దూ మాట్లాడే సభ్యులు అక్కడ భాష విషయంలో ముందు నిలిచారు. ఈమెకు తెలుగు, కొంచెం కన్నడం తప్ప ఏదీ రాదు. హిందీ అక్కడే, అవసరం కొద్దీ నేర్చుకుంది.

ఆ ప్రయాణాల గురించి ఆమె చెప్పేవాటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఇది. మొదటి మూడు నాలుగు రోజులు ఎవరూ దగ్గరికి రారు. అయిదో రోజుకు వచ్చి, ఈ పరాయి ఆడవాళ్లకు ఇక్కడేం పని అని అడుగుతారు. వారం దాటాక ఒకామె తన అప్పు సంగతి చెబుతుంది, మర్నాడు ఇంకొకామె భర్త తాగుడు సంగతి చెబుతుంది. సంఘం నిజంగా పుట్టేది అప్పుడు. బృందం రెండు రోజుల శిబిరం పెట్టి తిరిగి వచ్చి ఉంటే, వాళ్లకు కనిపించేది మొదటి రెండు రోజుల మౌనమే. మౌనాన్ని ఆసక్తి లేకపోవడంగా రాసుకుని వచ్చేసేవాళ్లు. మన వృత్తిలో ఈ పొరపాటు తీర్పు రోజూ జరుగుతోంది. "ఈ ఊరి మహిళలు ముందుకు రారు" అని నివేదికల్లో చదివినప్పుడల్లా, రాసినవారు అక్కడ ఎన్నాళ్లున్నారని అడగాలనిపిస్తుంది.

ఆమె నా దగ్గర శిక్షకుల శిక్షణకు వచ్చేసరికి ఇంత అనుభవం ఉంది. కథలు చెప్పడంలో, పాట ఎత్తుకోవడంలో ఆమెకు ఎవరూ సాటి రారు. కొరవడింది ఒక్కటే. ప్రశ్న అడిగి ఆగలేకపోయేది. జవాబు రావడం కొంచెం ఆలస్యమైతే తానే చెప్పేసేది. దాని మీద చాలాకాలం పనిచేశాం. ప్రశ్న అడిగాక లేచి, బిందె దగ్గరికి వెళ్లి నీళ్లు తాగి రావాలని నియమం పెట్టుకుంది. ఆ కాస్త సమయంలో వెనక వరుసలోని వాళ్లు నోరు విప్పేవారు.

అప్పుడే ఆమెకు కాకినాడ ప్రయోగం గురించి చెప్పాను. అమెరికన్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లెలాండ్ బృందం 1964లో, హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థతో కలిసి, కాకినాడ చిన్న వ్యాపారులకు సాధన ప్రేరణ, అంటే ఏదైనా సాధించాలన్న తపన మీద శిక్షణ ఇచ్చింది. రింగులు విసిరే ఆట ఆ శిక్షణా సంప్రదాయంలో పేరుమోసింది. గుంజకు ఎంత దూరంలో నిలబడి విసరాలో ఎవరికి వారే నిర్ణయించుకోవాలి. మరీ దగ్గరైతే ఆటే కాదు, మరీ దూరమైతే అదృష్టం మీద వదిలేసినట్టు. ఆమె ఆ ఆటను గాజులతో, నేలలో పాతిన కర్రతో ఆడిస్తోంది. అయితే ఆమెను పట్టుకున్నది ఆట కాదు. ఆ పరిశోధకులు తర్వాత తిరిగి వెళ్లి, శిక్షణ పొందినవాళ్లు, పొందనివాళ్లు తమ వ్యాపారాల్లో ఏం చేశారో పోల్చి చూశారు. పొందినవాళ్లు కొత్త పనులు, పెట్టుబడులు ఎక్కువ చేపట్టారని తేలింది. "తిరిగి వెళ్లారు కాబట్టే తెలిసింది కదా మేడమ్" అంది.

వృత్తిలో మలుపు

2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. ఆ కాలంలోనే ఈ ప్రాంతపు ఇంజనీరింగ్, డిగ్రీ కళాశాలల్లో నాయకత్వ, వ్యక్తిత్వ శిక్షణలకు గిరాకీ పెరిగింది. బెంగళూరులోని ఒక ప్రైవేటు శిక్షణ సంస్థ ఆమెకు నెల జీతం మీద పూర్తికాలపు ఉద్యోగం ఇస్తామంది. పల్లె అనుభవమున్న మహిళ, మూడు భాషలు, వినేవారిని కట్టిపడేసే మాట. వాళ్లకు కావలసింది అదే. జీతం ఆమె అప్పటిదాకా చూడనంత. ఇంట్లో బోరు ఎండిపోయింది, కూతురు ఇంటర్‌లో ఉంది. "ఊళ్లు తిరిగితే ఇల్లు గడుస్తుందా?" అని అత్తగారు అడిగితే ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు.

ఇక్కడ నా అభిప్రాయం గట్టిగా చెప్పాలి. సేవ చేసేవారు డబ్బు మాట ఎత్తకూడదన్న భావన ఈ రంగాన్ని లోపల్నుంచి తినేస్తోంది. సేవే కదా అని పారితోషికం నెలల తరబడి ఆపేసే సంస్థలను, బస్సు చార్జీలు అడిగితే చిన్నబుచ్చుకునే నిర్వాహకులను చూశాను. ఆ భారం మోయలేక మంచి శిక్షకులు, ముఖ్యంగా పల్లె నుంచి వచ్చిన మహిళలు, వెళ్లిపోతారు. ఇంట్లో మరో ఆదాయం ఉన్నవాళ్లు మాత్రమే మిగులుతారు. అప్పుడు కరువు నేల మీద బతికే మహిళలకు, కరువు తెలియనివాళ్లు నాయకత్వం బోధిస్తారు.

అందుకే ఆ ఉద్యోగం వద్దని ఆమెకు నేను చెప్పలేదు. ఇద్దరం కూర్చుని ఏడాది లెక్క వేశాం. ఇల్లు గడవడానికి ఎంత, కూతురి చదువుకు ఎంత, అప్పుల వాయిదాలకు ఎంత. కళాశాలల్లో, కంపెనీల్లో రోజు చొప్పున శిక్షణ ఇస్తే ఆ మొత్తానికి నెలలో ఎన్ని రోజులు కేటాయించాలో తేలింది. మిగిలిన రోజులు పల్లెలకు. ఆమె బెంగళూరు సంస్థకు పూర్తికాలం రాలేనని, రోజుల లెక్కన వస్తానని చెప్పింది. వాళ్లు ఒప్పుకున్నారు. ఆ ఒప్పందం అలాగే కుదరకపోయి ఉంటే ఆమె ఉద్యోగంలో చేరి ఉండేదని, అందులో తప్పు పట్టడానికి ఏమీ ఉండేది కాదని కూడా రాస్తున్నాను. ఇలాంటి నిర్ణయాలను త్యాగంగా వర్ణించడం ఆమెకు నచ్చదు, నాకూ నచ్చదు.

ఒక పంచాయతీలో జరిగింది

2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవే కాబట్టి ఒక్కసారిగా వేలమంది కొత్త మహిళా సర్పంచులు, వార్డు సభ్యులు వచ్చారు. ఒక స్వచ్ఛంద సంస్థ మూడు మండలాల మహిళా సభ్యులకు శిక్షణ ఇవ్వాలని ఆమెను పిలిచింది. ఆమె ఒక షరతు పెట్టింది. రెండు రోజుల శిక్షణ చివర్లో ప్రతి సభ్యురాలూ ముప్పై రోజుల్లో చేయగల ఒక చిన్న పనిని తానే ఎంచుకుంటుంది. ముప్పై రోజులయ్యాక శిక్షకురాలు ఆ ఊరికి వెళ్లి చూస్తుంది. ఆ తిరుగు ప్రయాణాల ఖర్చు సంస్థ ఇవ్వదని తేలాక, కళాశాలల సంపాదనలోంచి కొంత పక్కన పెట్టి ఆమే భరించింది.

వాటిలో ఒక ఊరు వివరంగా చెప్పుకోదగ్గది. పది వార్డుల పంచాయతీ. సర్పంచ్ పదవి మహిళకు రిజర్వైంది, ఎన్నికైనామె పాతికేళ్ల అమ్మాయి. వ్యవహారమంతా ఆమె బావగారిది. పాలకవర్గ సమావేశం కాగితం మీద జరిగేది. సిబ్బందిలో ఒకరు తీర్మానాల పుస్తకం ఇంటింటికీ తెచ్చి సంతకాలు పెట్టించుకుని వెళ్లేవారు.

శిక్షణకు వచ్చిన వార్డు సభ్యుల్లో అయిదో తరగతి దాకా చదివిన నడివయసు మహిళ ఒకరు. ఆమె ఎంచుకున్న పని: పుస్తకం ఇంటికి వస్తే చదివి వినిపించమని అడగడం. సంతకం పెట్టనని అనడం కాదు, గొడవ కాదు. విన్నాకే సంతకం. శిక్షణ గదిలో శిక్షకురాలు పుస్తకం తెచ్చే మనిషి వేషం వేసి, "టైం లేదమ్మా, ఇంకా నాలుగిళ్లు తిరగాలి" అని తొందరపెట్టింది. వార్డు సభ్యురాలు మొదటిసారి వెంటనే పెన్ను అందుకుంది. అందరూ నవ్వారు, ఆమె కూడా. మళ్లీ మళ్లీ ఆడించాక, "కూర్చో నాయనా, మజ్జిగ తాగు, చదివి వెళుదువు గాని" అనడం వచ్చింది. ఆ వాక్యం ఎవరూ నేర్పలేదు, ఆమెకే తట్టింది.

నెల తర్వాత శిక్షకురాలు వెళ్లింది. ఆ ఊరి నుంచి శిక్షణకు వచ్చిన సభ్యుల్లో మిగతావాళ్లు తాము ఎంచుకున్న పని మొదలుపెట్టనే లేదు. ఈమె మాత్రం మజ్జిగ ఇచ్చి చదివించింది. తీర్మానంలో వీధి దీపాల మరమ్మతు ఖర్చు ఉంది, అందులో ఈమె వీధి పేరు కూడా ఉంది. "మా వీధిలో ఇంకా వెలగలేదు కదా నాయనా. వెలిగాక రా, పెడతాను" అందట. వారంలోపే దీపం వెలిగింది. అది చూసి పక్క వార్డు సభ్యురాలు తానూ చదివించుకోవడం మొదలుపెట్టింది.

అక్కడితో ఆపి ఉంటే ఇది చక్కని విజయగాథ. కానీ సర్పంచ్ ఇంట్లో కలకలం రేగింది. తన మరదలి మీదకు ఈ శిక్షణవాళ్లు సభ్యులను ఎగదోస్తున్నారని బావగారు అన్నారు. బావగారిని నిలదీయాలని, పై అధికారులకు ఫిర్యాదు చేయాలని సంస్థలో కొందరు యువ కార్యకర్తలు సూచించారు. శిక్షకురాలు ఒప్పుకోలేదు. శిక్షకులు సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోతారు, ఆ అమ్మాయి అదే ఇంట్లో ఉండాలి. ఆమె నేరుగా సర్పంచ్ ఇంటికి వెళ్లి, బావగారిని "అన్నా" అని పలకరించి, యోగక్షేమాలు మాట్లాడి, లోపలికి వెళ్లి వంటింట్లో ఆ అమ్మాయి పక్కన పీట వేసుకుని కూర్చుంది. చాలాసేపు ఇద్దరూ చిక్కుళ్లు ఒలిచారు. చివరికి ఆ అమ్మాయి అన్న మాట ఇది: "నాకూ ఎవరూ చదివి వినిపించరక్కా."

నాకు తెలిసి ఈ కేసు మొత్తంలో కీలకం ఈ వాక్యమే. వార్డు సభ్యురాలు, సర్పంచ్ ఎదురెదురు పక్షాల్లో ఉన్నారని మేమంతా అనుకుంటున్నాం. ఇద్దరి చేతా చదవని కాగితాల మీదే సంతకాలు పెట్టిస్తున్నారు. ఆ రోజు నుంచి శిక్షకురాలు పని మార్చింది. సమావేశం అజెండాను సర్పంచే పైకి చదవాలి. పదో తరగతి చదివిన అమ్మాయే, కానీ చదివి ఏళ్లయింది. దినపత్రిక జిల్లా పేజీలు తీసుకుని ఇంట్లో గట్టిగా చదవడం సాధన చేసింది. బావగారికి ఇందులో అభ్యంతరం చెప్పడానికి ఏమీ దొరకలేదు. సర్పంచ్ అజెండా చదవడం ఇంటి పరువుకు మంచిదేనని ఆయనే అన్నారని విన్నాను. కొన్ని నెలలకు సమావేశం పంచాయతీ కార్యాలయంలో జరగడం మొదలైంది. ఆయన వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. కొన్ని నెలలు లోపలే కూర్చున్నారు కూడా. ఆ విషయంలో పూర్తి మార్పు వచ్చిందని నేను రాయలేను. తీర్మానాలు మాత్రం పైకి చదివాకే సంతకాలకు వస్తున్నాయి.

కొలత, ఖర్చు

శిక్షణ ఫలితాన్ని నాలుగు మెట్లలో కొలవాలని డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే చెప్పారు. నచ్చిందా, నేర్చుకున్నారా, నడవడి మారిందా, దానివల్ల పనిలో ఫలితం వచ్చిందా. మనవైపు దాదాపు అందరూ మొదటి మెట్టు దగ్గరే ఆగుతారు, ఎందుకంటే దానికి హాలు దాటి వెళ్లనక్కర్లేదు. మూడో మెట్టు ఊళ్లో ఉంటుంది. అక్కడికి ఆర్టీసీ బస్సులో మండల కేంద్రానికి, అక్కడి నుంచి షేర్ ఆటోలో వెళ్లాలి. ఆమె చేసిన అసలు సేవ ఆ ఆటో ప్రయాణమే అంటాను. హాల్లో పలికిన మాటలకు ఎలాగూ పారితోషికం ఉంది.

ఆ ఖర్చును ఒక్క మనిషి సంపాదన మీద ఎల్లకాలం నడపకూడదని మేం అనుకున్నాక రెండు మార్పులు చేశాం. ఇప్పుడు ఆమె ఏ సంస్థకైనా ఇచ్చే కొటేషన్‌లో రెండు రోజుల శిక్షణ, ముప్పై రోజుల తర్వాత ఒక సందర్శన కలిసే ఉంటాయి. విడదీసి అడిగితే ఒప్పుకోదు. దీనివల్ల కొన్ని పనులు పోయాయి. ఒక సంస్థ సందర్శన బదులు ఫోను చేస్తే చాలదా అని అడిగింది. ఫోనులో "అంతా బాగుందక్కా" అనే మాటే వినిపిస్తుంది, తీర్మానాల పుస్తకం కనిపించదు అని ఆమె జవాబిచ్చింది. రెండోది, అభిప్రాయ పత్రాన్ని మార్చాం. "శిక్షణ ఎలా ఉంది" అన్న గడి ఒకటి మాత్రం ఉంచి, మిగతా పత్రమంతా ఎంచుకున్న పనికి, సందర్శనలో చూసినదానికి కేటాయించాం. సందర్శనలో చూసింది శిక్షకురాలు రాయదు, ఆ సభ్యురాలే చెప్పి రాయిస్తుంది. పని జరగకపోతే ఎందుకు జరగలేదో కూడా. జరగని పనుల కారణాలే తర్వాతి శిక్షణకు పాఠ్యాంశం అవుతున్నాయి. ఉదాహరణకు, వేరుశనగ విత్తే రోజుల్లో ఎవరూ ఏ పనీ చేయలేరని అలాగే తెలిసింది. తొలకరి పడ్డాక రెండు నెలలు శిక్షణలు పెట్టడం మానేశాం.

మజ్జిగ ఇచ్చి చదివించిన వార్డు సభ్యురాలు ఇప్పుడు శిక్షకురాలి వెంట పక్క మండలాలకు వెళుతోంది. ఆమెకూ రోజు చొప్పున పారితోషికం ఇవ్వాలని శిక్షకురాలు మొదటి రోజే పట్టుబట్టింది, ఇస్తున్నాం. మరో ఇద్దరు తయారవుతున్నారు. వచ్చే పంచాయతీ ఎన్నికల్లో ఏ స్థానం ఎవరికి రిజర్వు అవుతుందో చెప్పలేం కాబట్టి, పదవి పోయినవారు గ్రామ సంఘాల్లో, సామాజిక తనిఖీల్లో ఈ చదివించే పని కొనసాగించేలా ఒక ప్రణాళిక రాస్తున్నాం. దానికి ఇంకా నిధులు కుదరలేదు. కళాశాలల శిక్షణల నుంచి పక్కన పెట్టే వాటాతో మొదటి ఏడాది నడుస్తుంది, రెండో ఏడాదికి మూడు సంస్థలతో మాట్లాడుతున్నాం.